బంగారు బిట్ల చప్పుడు

1988 అక్టోబరు 3

బొంబాయి పార్సిలు చేరింది. రంపపు పొట్టులో నూనెకాగితం, అందులో సన్నపు దాని నుంచి లావు దాని వరకు వరుసగా పడుకోబెట్టిన డ్రిల్లు బిట్లు. బంగారు రంగు. ఇత్తడి రంగు కాదు, పసుపు రంగు కాదు; పాత పుస్తెలకు ఉండే రంగు. ఒకదానిని మునివేళ్ల మధ్య తిప్పితే వెలుగు దాని మెలికల వెంట కిందికి జారుతుంది. ఎంత జారినా అయిపోదు. చాలాసేపు తిప్పుతూ కూర్చున్నాను.

ఇది బంగారం కాదని నాకు తెలుసు. నిఘంటువు పక్కన పెట్టుకుని కేటలాగు మొత్తం చదివాను. ఉక్కు మీద టైటానియం పూత. వెంట్రుక కన్నా ఎంతో పలుచన. దాని గుణాలు ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

రాపిడి తగ్గును.
వేడి తగ్గును.
చప్పుడు తగ్గును.

మా షెడ్డులో లేతు పని చేసే అంబదాస్ మిషను ఆపి వచ్చి నా భుజం మీదుగా తొంగిచూశాడు.

"రావుసాబ్, గివి ఇనుముల దించుడెందుకుల్లా? ప్రమోదినమ్మకు గొలుసు చేయిస్తే పండుగకు మెరుస్తది గద!"

"చేతులు తుడుచుకుని ముట్టుకో."

"అరే దేవా! బిట్టును ముట్టుటానికి తానం చేసి రావాల్నా ఏంది?"

బోథ్ ఊరి మనిషి. నవ్వితే అతని మీసం మొత్తం కదులుతుంది. నేనూ నవ్వాను. తర్వాత అతను ఇంకేదో అన్నాడు. దానికీ నవ్వాను.

అక్టోబరు 5

డ్రిల్లింగు చేసేవాడికి కన్ను సగం, చెవి సగం. మొద్దుబారిన బిట్టు ఆ సంగతిని మొదట చెవికే చెబుతుంది, సన్నని ఈలగా. అప్పుడు పిడి ఎత్తాలి, సబ్బునీళ్లు పోయాలి, బిట్టును సానకు తీసుకుపోవాలి. ఆ ఈల వినకుండా ఒత్తితే బిట్టు ఇనుము లోపలే విరిగి ఉండిపోతుంది. చేతికి కూడా తెలుస్తుంది గాని ఆలస్యంగా తెలుస్తుంది. ఇవి నాకు ఏ గురువూ చెప్పలేదు. విరిగిన బిట్లే చెప్పాయి.

పోయిన వేసవి నుంచి ఆ ఈల నాకు సరిగా అందడం లేదు. జలుబు. జలుబు పూర్తిగా తగ్గే వరకు చప్పుడు చేయని బిట్లు వాడటం సముచితమని తెప్పించాను. మరే కారణమూ లేదు.

డ్రిల్లు పిడి వదలవలసి వస్తే నాకు మిగిలేది చొప్పదండి. అక్కడ మా అన్న భూపాల్‌రావు అరుగు మీద నా కోసం ఒక కుర్చీ వేసి ఉంచాడు. తమ్ముడు ఇనుముకు రంధ్రాలు వేసి బతకడం ఆయనకు మొదటి నుంచీ నామోషీ. ఆ కుర్చీలో కూర్చుంటే వరి నాటేది ఒకరు, కోసేది ఒకరు, నేను చూసేవాడిని. నలభై ఆరేళ్ల వయసులో మళ్లీ చూసేవాడిని కాలేను.

అక్టోబరు 9

పెద్దపల్లిలో ఈ సంవత్సరం వచ్చిన మార్పులు:

రైళ్లు మెత్తబడ్డాయి. మద్రాసు పోయే బండి మా షెడ్డు వెనక నుంచి పోతున్నా పొగమంచు పోయినట్టే ఉంటుంది. కొత్త ఇంజన్లు కావచ్చు.
పిచ్చుకలు వలస పోయాయి. రేకుల మీద కనబడతాయి గాని వెనకటివి కావు. ఇవి నోరు తెరుస్తాయి, అంతే.
వాన రేకుల మీద పడటం మానింది. పక్కన ఎక్కడో పడి జారుతున్నట్టుంది.
ప్రమోదిని తక్కువ మాట్లాడుతోంది. పెళ్లయిన కొత్తలో నేను పుస్తకం చదువుకుంటుంటే పక్కన కూర్చుని ఊరంతటి సంగతులు చెప్పేది. వయసు మనిషిని నెమ్మదింపజేస్తుంది.

అక్టోబరు 14

మొదటి బంగారు బిట్టు ఇవాళ డ్రిల్లు మిషను చక్‌లో, బిట్టును బిగించి తిప్పే దాంట్లో, పెట్టాను.

దాన్ని ఎలా వర్ణించాలి? మజ్జిగలోకి కవ్వం దిగినట్టు దిగింది. ఉక్కు నుంచి లేచిన చుట్టలు తెగకుండా, పొడుగ్గా, తాపీగా పైకి వచ్చి నా మణికట్టు దగ్గర తల వంచాయి. సబ్బునీళ్లు పాలలాగా వాటి వెంట పారాయి. నేను ఎక్కడో నీటి అడుగున నిలబడి పని చేస్తున్నట్టు అనిపించింది.

అప్పుడొక విచిత్రం జరిగింది. మా షెడ్డులో వానకాలం నీరు ఊరుతుందని లేతుకూ డ్రిల్లుకూ మధ్య టేకుపలకలు పరిపించాను. మిషను దేవుడితో సమానం కనుక చెప్పులు గుమ్మం బయటే విడుస్తాము. నా వట్టి అరికాళ్లకు పలకలోంచి ఏదో తగిలింది. టక్, టక్. గుండె కొట్టుకున్నట్టు. వెంటనే పిడి ఎత్తి చూశాను: బిట్టు కొన వేడెక్కి పొగ తీస్తోంది. నీళ్లు పోసి మళ్లీ దించాను. నెమ్మదించింది.

చెవికి చెప్పకుండా పాదానికి చెప్పే బిట్లు! కేటలాగులో ఈ సంగతి రాయలేదు. రాసేవాడు బూట్లు తొడుక్కుని పని చేసి ఉంటాడు.

అక్టోబరు 18

సద్దుల బతుకమ్మ.

ప్రమోదిని గునుగు పూలకు రంగులద్ది, తంగేడు పేర్చి, మా బతుకమ్మను నడుమెత్తు చేసింది. చెరువుకట్ట మీద ఆడవాళ్లంతా గుండ్రంగా వంగి, లేచి, చేతులు కలిపి తిరుగుతున్నారు. నేను మగవాళ్ల గుంపులో కొంచెం ఎడంగా నిలబడ్డాను. పాట మొదలయిందని వాళ్ల పెదవుల వల్ల తెలిసింది. ఎర్రటి, పసుపు పచ్చటి చీరలు ఒకే వేగంతో, ఒకే వైపు తిరుగుతుంటే ఎవరో ఈ సాయంత్రాన్ని పెద్ద చక్‌లో బిగించి మెల్లగా తిప్పుతున్నట్టుంది. ఏ చప్పుడూ లేదు. పూత పూసిన సాయంత్రం. ఇంత అందమైన బతుకమ్మను నేను ఎన్నడూ చూడలేదని అనుకుంటూ ఎందుకో కళ్లు తుడుచుకున్నాను.

పూలు నీళ్లలో వదిలాక ప్రమోదిని నా దగ్గరికి వచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఏదో చెప్పింది. చాలాసేపే చెప్పింది. నేను "సరే" అన్నాను.

ఆమె నా ముఖం వంక చూసి ఊరుకుంది. దారి పొడుగునా మళ్లీ ఏమీ అనలేదు.

అక్టోబరు 20

దసరా. మిషన్లకు సెలవు. లేతుకు, డ్రిల్లుకు, సానకు పసుపు కుంకుమలు పెట్టి పూలు వేశాము. బంగారు బిట్లను నేల మీద పీట వేసి పెడితే ప్రమోదిని ఒప్పుకోలేదు.

"బంగారం కాళ్లకాడ పెడతరా?"

"ఇది బంగారం కాదు, పూత."

"పూతైనా సరే. లక్ష్మి రంగది."

తీసి దేవుడి పటం పక్కన పెట్టింది. ఈ మాటలు అన్నీ నాకు స్పష్టంగా వినిపించాయి. జలుబు తగ్గుతున్నదనడానికి ఇదే నిదర్శనం. ఆమె నా కుడివైపు చాలా దగ్గరగా నిలబడి ఉంది.

అక్టోబరు 21

కేటలాగు మళ్లీ చూశాను. రాపిడి గురించి ఉంది. వేడి గురించి ఉంది. మూడవ గుణం దొరకలేదు. పేజీ ఏదైనా జారిపోయి ఉండవచ్చు.

నవంబరు 2

అంబదాస్ బంగారు బిట్టు కొన మీద గోరు గీసి చూపించాడు.

"మొద్దయింది రావుసాబ్. సాన పెడదామా?"

"సాన పెడితే కొన దగ్గర పూత పోతుంది."

"పోతే పోయె. కోసేది కొన గాని రంగు కాదు గద."

"కొన్నాళ్లు చూద్దాం."

"గట్లయితే దాన్ని తీస్కపోయి మల్ల పటం పక్కకే పెట్టుర్రి. దండం పెట్టుకుంటం!"

ఇరవై ఏళ్లుగా ప్రతి బిట్టునూ చేత్తోనే సానపట్టినవాడిని. కొన కోణం నా వేళ్లకు కంఠస్థం. ఈ బిట్టును రాయికి ఆనించబోయి ఆగిపోయాను. పూత పోతే అది వట్టి ఉక్కు అవుతుంది, మిగతా వాటిలాగా ఈల వేస్తుంది.

పాదానికి సంకేతం మాత్రం ఎన్నడూ తప్పడం లేదు. టక్, టక్. నేను ఎత్తుతాను. నీళ్లు పోస్తాను. మళ్లీ దించుతాను. రోజు రోజుకూ అది ఎక్కువసార్లు వస్తోంది.

నవంబరు 11

రైసుమిల్లు కైలాసం పగిలిన పెద్ద కప్లింగు మోయించుకుని వచ్చాడు. ఇంజనుకూ మిల్లుకూ మధ్య ఉండే ఇనుప చక్రం అది. సాయంత్రానికల్లా అంబదాస్ లేతు మీద కొత్తది చెక్కాడు, మందపాటి ఉక్కు. ఇక చుట్టూ బోల్టుల రంధ్రాలు నేను వేయాలి.

"ఉపేందర్‌రావుగారూ, మిల్లు బందువెట్టుకొని కూసున్న. కల్లం నిండ వడ్లే. వాన మొగులు జూస్తే పరేషానైతుంది. సోమారం కల్ల ఇస్తె మీ పేరు జెప్పుకుంట."

"ఇస్తాను."

"లేదంటరా, జర ముందుగాల్నే చెప్పుర్రి. కరీంనగర్ల కొత్త షాపు పెట్టిండ్రు. మిమ్ముల ఇడిసిపెట్టి పోవుడు నాకు ఇష్టం లేదు."

పెద్దపల్లి నుంచి ఒక్క మిల్లు కరీంనగరు దారి పట్టిందా, మిగతావి దాని వెనకే పోతాయి. నాకు అన్న కుర్చీ గుర్తుకు వచ్చింది.

నవంబరు 12

అంబదాస్ ఊరికి పోయాడు. బోథ్‌లో పత్తి పగిలిందట. తల్లి సక్కుబాయి ఒక్కతే ఏరలేకపోతున్నది. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగాడు. నోరు తెరిచి మూశాడు. నా ఎదురుగా వచ్చి, గట్టిగా, పెదవులు విప్పి అన్నాడు:

"రావుసాబ్. గా కప్లింగు నేనచ్చినంక జేద్దాం."

"నీవు శుక్రవారానికి గాని రావు. కైలాసానికి సోమవారం కావాలి."

"ఒక్క మాట ఇనుర్రి గద."

"నేను వేసే రంధ్రానికి నీవెందుకు?"

పలకల వంక చూసి పోయాడు.

నవంబరు 14

విరిగింది.

నవంబరు 15

ఉక్కులో గట్టి మచ్చ ఉంది. పోత పోసినప్పుడు లోపల అటువంటి మచ్చలు ఏర్పడటం కద్దు. దానికి తగిలి బిట్టు విరిగింది. అది తప్ప మరేమీ కాదు.

జరిగినది జరిగినట్టు రాస్తాను. చివరి రంధ్రం. కైలాసం స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. బిట్టు సగం దిగింది. నేను నా పాదాల కోసం ఎదురుచూస్తున్నాను. పలక నిద్రపోతున్నట్టుంది. అంతా సవ్యంగా ఉన్నదని ఇంకొంచెం ఒత్తాను. చుట్టలు రావడం ఆగి నల్లని పొడి రాలింది. కైలాసం రెండు చేతులూ ఊపుతూ లేవడం కంటి చివర కనబడింది. పొడిని చూసి మురిసిపోతున్నాడని అనుకున్నాను. అంత మూఢంగా అనుకున్నాను. పిడి ఒక్కసారి తేలిపోయింది.

సగం బిట్టు చక్‌లో. సగం కప్లింగు లోపల బిగిసి, రంధ్రం అడుగు నుంచి బావిలో చుక్కలాగా మెరుస్తోంది. దానిని కోయగలిగినంత గట్టిది మా షెడ్డులో మరేదీ లేదు.

కైలాసం దగ్గరికి వచ్చి నా ముఖంలో ముఖం పెట్టి అరిచాడు.

"గంత కూత పెడుతుంటే ఎట్ల ఒత్తుతిరి? బజార్ల కుక్కలు గూడ చెవులు రిక్కవెట్టినయి!"

"గట్టి మచ్చ తగిలింది."

"మచ్చో గిచ్చో. మీ అంబదాసు ఉంటె గిట్ల కాకపోవు. ఆయన లేతుకాడ నిలవడి కాలితోని పలక మీద తాళమేస్తుంటడు, మీరు పిడి లేపుతుంటరు. భజనల లెక్క! ఇయ్యాల తాళం లేదు, భజన చెడ్డది."

నవ్వించడానికే అన్నాడు. కల్లంలో వడ్లు పెట్టుకుని కూడా నన్ను నవ్వించడానికి చూశాడు. శనివారం ఉదయం వస్తానని, అప్పటికీ కాకపోతే కప్లింగు బండికెత్తించి కరీంనగరు తీసుకుపోతానని చెప్పి వెళ్లాడు.

నవంబరు 16

అంబదాస్ నిలబడే చోట పలక నున్నగా అరిగి ఉంది. దాని మీద మడమతో కొట్టి, పరుగెత్తి డ్రిల్లు ముందుకు వచ్చి నిలబడ్డాను. వచ్చేసరికి కంపనం పోయింది. మళ్లీ కొట్టాను, మళ్లీ పరుగెత్తాను. ఒంటరి మనిషికి అది సాధ్యం కాదు. కొట్టేవాడు ఒకడు, నిలబడేవాడు ఒకడు కావాలి.

బిట్లు పాదానికి చెప్పలేదు. అవి అన్ని బిట్లలాగే అరిచాయి.

నవంబరు 17

పిచ్చుకలు ఎక్కడికీ పోలేదు.

నవంబరు 18

పగలు పని లేక కూర్చుంటే కునుకు పట్టింది. కలలో నేను ఆ కప్లింగు లోపల ఉన్నాను. గుండ్రని ఉక్కు గది. నడుమ బంగారు స్తంభం, దాని మెలికల వెంట వెలుగు దిగుతోంది. గోడ అవతల ఎవరో తడుతున్నారు. "ఎవరు?" అని అడుగుతున్నాను, నా మాట నాకే వినబడటం లేదు. మెలకువ వచ్చేసరికి అంబదాస్ ఎదురుగా ఉన్నాడు. సంచి ఇంకా భుజాన్నే ఉంది, చొక్కాకు పత్తిపోగులు అంటి ఉన్నాయి. కప్లింగు మీద వంగి రంధ్రంలోకి చూస్తున్నాడు.

నేను లేచి అతని ముందు నిలబడ్డాను.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏంది రావుసాబ్?"

"కాలు."

చూపు దించుకున్నాడు. తర్వాత ముఖం ఎత్తి, మొన్న గుమ్మంలో మాట్లాడినట్టే, పెదవులు విప్పి చెప్పాడు.

"పోయిన ఎండకాలం సంది. ఒక పారి బిట్టు కూత పెడుతుంటే మీరు ఇనకపోతిరి. కాలు జారి పలక మీద పడ్డది. మీరు మీకే తెల్వకుంట గబుక్కున పిడి లేపిండ్రు. గిదేదో బాగున్నదనుకున్న."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"మీరు నాకు చెప్పిండ్రా? చెవులు మీవి. మీరు ఎరుకజెయ్యంది నేనెట్ల ముచ్చట దీస్త?"

అతను సంచి దించాడు, కప్లింగును అటూ ఇటూ దొర్లించి చూశాడు.

"ఇటుకెల్లి రాదు. బోర్లెయ్యాలె. ఎనుకకెల్లి బొక్కేసుకుంట పోయి, దానికి తాకంగనే ఆపి, గుద్ది ఎల్లగొట్టాలె."

"నీవు పిడి పట్టు."

"లేతు చెయ్యి నాది. మొద్దు చెయ్యి. గంత నాజూకు నాతోని కాదు." నా వంక చూశాడు. "తాకినప్పుడు కూత మారుతది. గప్పుడాపకుంటే రెండో బిట్టు గూడ పాయె."

నవంబరు 19

కైలాసం పొద్దున్నే బండితో వచ్చాడు. మేము కప్లింగును బోర్లించి బిగించి ఉంచాము. మామూలు నల్ల బిట్టు నేను సానపట్టాను. చాలా రోజుల తర్వాత కొన అద్దంలా వచ్చింది.

అంబదాస్ తన చోటికి పోయి పలక మీద కాలు ఆనించాడు. పిడి పట్టుకున్నవాడిని వదిలేశాను. కైలాసం ఉండగానే అన్నాను, అవసరమైన దాని కన్నా గట్టిగా అని ఉంటాను, ఇద్దరూ ఉలిక్కిపడ్డారు:

"నాకు వినిపించదు. ఎడమ చెవికి అసలు లేదు. కుడి చెవికి కొంచెం ఉంది. అంబదాస్, కాలితో వద్దు. ఇక్కడికి రా. నా భుజం మీద చెయ్యి పెట్టు. కూత మారిన క్షణాన నొక్కు."

అతను కదలలేదు.

"మీ బుజం మీద చెయ్యేసుడా, రావుసాబ్?"

"అవును."

"మంది జూస్తరు."

"చూడనీ."

అంబదాస్ తండ్రి మా వంటి వాళ్ల ముంగిట చెప్పులు చేతబట్టుకుని నడిచినవాడు. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు, కైలాసానికీ తెలుసు. కైలాసం గుమ్మం బయట ఎద్దుల వంక చూడసాగాడు. అంబదాస్ చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. ఒకసారి కాదు. తర్వాత వచ్చి నా వెనక నిలబడ్డాడు. అతని అరచెయ్యి నా భుజానికి తగలకుండా కాసేపు పైనే ఆగినట్టు వెచ్చదనం వల్ల తెలిసింది. ఆ పైన దిగింది. బరువైన చెయ్యి. లేతు చెయ్యి.

బిట్టు దించాను.

ఉక్కు చుట్టలు లేచాయి. సబ్బునీళ్లు పారాయి. షెడ్డు, బండి, ఎద్దులు, మొగులు అన్నీ మెల్లగా దూరం జరిగి, ఆ చెయ్యి ఒక్కటే ఈ లోకంలో మిగిలింది. అది చెప్పేది పలక చెప్పిన దాని వంటిది కాదు. వేళ్లు సన్నగా బిగిసేవి: జర ఆగుర్రి. వదులయ్యేవి: పోనియ్యుర్రి. ఒక చోట బొటనవేలు మాత్రమే కదిలింది, కూత మారబోతున్నదనే అనుమానం లాగా. నేను ఒత్తిడి తగ్గించి, ఊపిరి పోస్తున్నట్టు దించుతూ పోయాను.

అయిదు వేళ్లూ ఒక్కసారి నొక్కాయి.

ఆపాను. పిడి ఎత్తాను. రంధ్రంలో ఇనుప పంచ్ ఆనించి అంబదాస్ సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. విరిగిన ముక్క కప్లింగు కింద సబ్బునీళ్లలో పడింది.

కైలాసం లోపలికి వచ్చి కప్లింగు ఎత్తించాడు. పోతూ పోతూ నా కుడివైపుకు తిరిగి వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి అన్నాడు:

"ఎండకాలం పంటకు ఇంకోటి జెయ్యాలె. ఇద్దరు గల్సి."

నవంబరు 20

ఆదివారం. పొద్దున భోజనాల తర్వాత ప్రమోదినికి చెప్పాను. వరుస తప్పకుండా చెప్పాలని మనసులో అంశాలు పెట్టుకున్నాను గాని రెండో మాటకే వరుస తప్పింది.

ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టింది.

"నామీద కోపమనుకున్న."

"కోపమా?"

"ఏం జెప్పినా సరే అంటరు. ఏం అడిగినా నవ్వుతరు. నాతోని ముచ్చట పెట్టుడు ఇష్టం లేదనుకున్న. చెప్పుడే మానేసిన."

ఆమె ఏడుస్తున్నదో నవ్వుతున్నదో తెలుసుకోవడానికి ముఖం చూడవలసి వచ్చింది. రెండూ.

"ఏ దిక్కు కూసుండాలె?"

"కుడివైపు."

చాప జరుపుకుని వచ్చి కుడివైపు, మోకాలు మోకాలికి తగిలేటట్టు కూర్చుంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారని అడిగింది. ఎక్కడ ఆపావో అక్కడి నుంచి అన్నాను.

పోయిన వేసవి నుంచి మొదలుపెట్టింది.